మొక్కకూ ఒక సొంత ఊరుంది



శ్రీహరికోట పేరు చెప్పగానే మీకు రాకెట్టు గుర్తుకు వస్తుంది. నాకూ అంతే. కాని ఈ నెల రాకెట్టును పక్కన పెట్టి, అది ఎగిరే నేల మీద పెరిగే మొక్కల గురించి మాట్లాడుకొందాం. అయితే మొదలుపెట్టేది మాత్రం రాకెట్టుతోనే!

మన శాస్త్రజ్ఞులు 1969లో రాకెట్లు ఎగరవేయడానికి శ్రీహరికోటను ఎన్నుకొన్నారు. దేశంలో ఇంత నేల ఉండగా ఆ దీవే ఎందుకు? దానికి తూర్పున బంగాళాఖాతం ఉంది. ఎగిరిన రాకెట్టు పొరపాటున కూలినా ఊళ్ళ మీద పడదు, నీళ్ళలో పడుతుంది. రెండో కారణం, అది భూమధ్యరేఖకు దగ్గర. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతూ ఉంటుంది గదా! ఆ తీరం దగ్గర నేల సెకండుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూ ఉంటుంది. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఆ వేగం ఉచితంగా దొరుకుతుంది. మూడో కారణం, అక్కడ జనం పలచన. ఇన్నీ చూసుకొన్నాకే పని మొదలుపెట్టారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు అక్కడి నుంచి ఎగిరింది. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

అంటే ఏమిటి? రాకెట్టు ఎంత గొప్పదయినా, దానికి ముందు 'ఏ చోట?' అన్న ప్రశ్న అడిగారు. మొక్కను నాటేటప్పుడు మనం ఆ ప్రశ్న అడుగుతున్నామా? అడగడం లేదనీ, అడగకపోవడం వల్ల మన తీరానికి నష్టం జరిగిందనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. విన్నాక మీరూ ఆలోచించండి.

బడి పిల్లలు పీకేసిన కూర

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా పోతుంది. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. రోడ్డుకు రెండు పక్కలా నీరు. వేసవిలో ఆ నీరు వెనక్కి పోయి, తెల్లగా ఉప్పు పేరుకొన్న బురద నేల బయటపడుతుంది. చూసినవాళ్ళు 'అబ్బ! ఎందుకూ పనికిరాని చవిటి నేల' అంటారు.

ఒకసారి ఆ సరస్సు ఒడ్డున ఒక ఊళ్ళో బడి పిల్లలు మొక్కలు నాటుతుంటే చూశాను. ఉత్సాహంగా గుంతలు తవ్వుతున్నారు. గుంతల కోసం అక్కడ నేలను అంటుకొని పెరుగుతున్న ఎర్రటి, పచ్చటి గుబురును పీకి కుప్ప వేశారు. దారిన పోతున్న ఒక ముసలమ్మ ఆగి, ఆ కుప్పలోంచి చీరచెంగులోకి నాలుగు దోసిళ్ళు ఏరుకొంది.

"అదెందుకవ్వా? కలుపు మొక్క గదా!" అన్నాడు ఒక కుర్రాడు.

"కలుపేంది నాయనా, ఇది ఇలకూర. మీ తాత తిని బతికింది ఇదే. మీరు పెట్టే ఆ చెట్టును తినగలరా ఏంది?" అందామె.

కుర్రాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెట్టు నాటడం మంచి పని అని పిల్లలకు చెప్పినవాళ్ళం మనమే. అక్కడ ముందే ఏం పెరుగుతున్నదో చూడమని చెప్పనిదీ మనమే.

ఉప్పును గెలిచే విద్య

ఆ ఇలకూర గొప్పతనం తెలియాలంటే మీ ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక బంగాళాదుంప ముక్కను మంచినీళ్ళలో, మరొక ముక్కను బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో వేసి రెండు గంటలు ఉంచండి. మంచినీళ్ళలోది బిగువుగా ఉంటుంది. ఉప్పునీళ్ళలోది మెత్తబడి వేలాడుతుంది. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగేసింది. చవిటి నేలలో మామూలు మొక్కను నాటితే దాని వేళ్ళకు జరిగేదీ ఇదే. చుట్టూ నీరున్నా అది దాహంతో చస్తుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పులికాట్‌లో ఉప్పు ఎప్పుడూ ఒకేలా ఉండదు. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడి, ఆరణి, కాళంగి నదుల నీరు వచ్చి చేరినప్పుడు తగ్గుతుంది. ఎండాకాలం నీరు ఆవిరయిపోయి, కొన్ని చోట్ల సముద్రంకంటే ఎక్కువ ఉప్పన అవుతుంది. ఏడాదిలో ఇన్ని మార్పులు తట్టుకొని బతకాలంటే మొక్కకు ప్రత్యేకమయిన విద్య తెలియాలి.

ఇలకూర ఆకులు చిన్నవి, కండగా ఉంటాయి. లోపలికి వచ్చిన ఉప్పును అది కణాల్లోని చిన్న సంచుల్లో దాచి, ఎక్కువ నీటితో పలచన చేస్తుంది. ఉప్పు మరీ ఎక్కువయిన ముదురాకులు ఎర్రబడి రాలిపోతాయి. ఆ పక్కనే నేల మీద పాకే వంగరెడ్డి కూరదీ దాదాపు ఇదే పద్ధతి. తీర గ్రామాల్లో ఇలకూరను ఉడికించి, ఉప్పు దిగిన ఆ నీటిని వంచేసి వండుకొంటారు. మడ చెట్టుది మరొక పద్ధతి. దాని ఆకుల మీద ఉప్పును బయటికి తోసే గ్రంథులు ఉంటాయి. ఎండపూట చూస్తే ఆకు మీద సన్నని ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి.

ఈ మొక్కలు బురదను కట్టి పట్టుకొంటాయి. వాటి రాలిన ఆకులు కుళ్ళి నీటిలోని సూక్ష్మజీవులకు మేత అవుతాయి. వాటిని తిని రొయ్య పిల్లలు, చిన్న చేపలు పెరుగుతాయి. చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా బురద నీటిలో పెట్టి వడబోసుకొనేది ఇలాంటి జీవులనే. వాటికి లోతులేని నీరు కావాలి. చెట్ల అడ్డం లేని విశాలమయిన మైదానం కావాలి. చూశారా! మనం 'ఖాళీ' అనుకొన్న నేల ఖాళీగా లేదు.

సిసిలీ మొక్క ఆస్ట్రేలియాకు పోయింది

ఇప్పుడు కాస్త దూరం పోయివద్దాం. లిమోనియం అనే మొక్కల కుటుంబం ఒకటి ఉంది. వీటిని ఇంగ్లీషువాళ్ళు 'సీ లావెండర్' అంటారు, అంటే సముద్ర లావెండర్. సువాసన నూనె తీసే లావెండరుకూ వీటికీ చుట్టరికం లేదు. పూల రంగు చూసి అలా పేరు పెట్టారు. మన పల్లెల్లో మందుగా వాడే చిత్రమూలం దీనికి దగ్గర బంధువు. లిమోనియంలో కొన్ని వందల జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ఉప్పు నేలల్లో, రాతి ఒడ్డుల్లో పెరుగుతాయి. మన మడ చెట్టు లాగానే ఇవీ ఆకుల మీది గ్రంథులతో ఉప్పును బయటికి తోస్తాయి. మన దేశంలో గుజరాత్ తీరాన లిమోనియం స్టాక్సి అనే జాతి సహజంగా ఉంది. శ్రీహరికోటలో ఆ పని ఇలకూర, మడ వంటివి చేస్తున్నాయి.

సముద్ర లావెండర్ పువ్వుకు ఒక ప్రత్యేకత ఉంది. దాని రక్షక పత్రాలు కాగితంలా ఉండి, ఎండినా రంగు పోదు. అందుకని కొన్ని జాతులను తోటల్లో పెంచి పూలగుత్తుల్లో పెట్టి అమ్ముతారు. మీరు పెళ్ళి పందిళ్ళ అలంకరణలో చూసే ఉంటారు. ఇలా తోటమాలుల చేతుల మీదుగా ఈ మొక్కలు ప్రపంచమంతా తిరిగాయి. తిరిగినవన్నీ తోటలోనే ఉండిపోలేదు.

ఇటలీ దేశపు సిసిలీ దీవిలో, ఆగ్నేయ మూల మాత్రమే సొంత ఊరుగా గల ఒక జాతి ఉంది. దాని పేరు లిమోనియం హైబ్లేయం. అది ఆస్ట్రేలియా చేరి, దక్షిణ తీరంలోని ఉప్పు నేలల్లో దుప్పటి పరిచినట్లు పాకింది. సముద్ర లావెండర్లలో చాలా జాతులకు పుప్పొడి కలవకుండానే గింజ కట్టే శక్తి ఉంది. అంటే ఒక్క మొక్క ఒడ్డు చేరినా చాలు, తోడు లేకుండానే సంతానం మొదలు! ఆస్ట్రేలియాకు సొంతమయిన సముద్ర లావెండర్ వేరే ఉంది. దాని పేరు లిమోనియం ఆస్ట్రేల్. అదీ ఉప్పు నేలల్లోనే పెరుగుతుంది. పేరూ కులమూ ఒకటే. ఒకటి ఆ ఇంటి బిడ్డ, రెండోది వచ్చి ఇల్లు ఆక్రమించే అతిథి. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలోనూ ఇదే కథ. అక్కడికి వచ్చినది మధ్యధరా ప్రాంతపు మరొక జాతి.

శాస్త్రజ్ఞులు అందుకే ఒక మొక్కను వర్ణించేటప్పుడు రెండు జాబితాలు రాస్తారు. మొదటిది, అది సహజంగా పుట్టి పెరిగే చోట్లు. రెండోది, మనిషి తెచ్చిపెట్టిన చోట్లు. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. శ్రీహరికోట ఇసుక తిన్నెల మీద బాలబంద తీగ ఉంటుంది. మేక గిట్ట వంటి ఆకు, ఊదారంగు పువ్వు. అదే తీగ ఆఫ్రికాలోనూ ఉంది, అమెరికా ఒడ్డునా ఉంది. మరి అది ఎక్కడిది? అన్నిచోట్లదీ. దాని గింజ సముద్రంలో తేలుతూ పోయి కొత్త ఒడ్డున మొలవగలదు. వేల ఏళ్ళుగా అలా తనంతట తాను పోయి అక్కడి జీవులతో సర్దుకొని బతికింది. సొంత కాళ్ళ మీద నడిచిపోయిన మొక్కకూ, ఓడలో ఎక్కించి తెచ్చిన మొక్కకూ తేడా అదే.

మన ఒడ్డుకు వచ్చిన ఇద్దరు

శ్రీహరికోటకు ఓడలో వచ్చినవాటిలో రెండింటిని మీరు రోజూ చూస్తూనే ఉంటారు.

మొదటిది సరుగుడు. దీన్ని కొన్ని చోట్ల సరివి అనీ, చవుకు అనీ అంటారు. దాని సూదుల్లాంటివి ఆకులు కావు, సన్నని కొమ్మలు. అసలు ఆకులు ఆ సూది కణుపుల దగ్గర కంటికి ఆనని పొలుసుల్లా ఉంటాయి. దాని సొంత ఊరు ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు. మన అండమాన్‌లో సహజంగా ఉంది. ప్రధాన భూభాగం తీరాలకు దాన్ని పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చారు. మద్రాసు నగరానికీ, అప్పటి రైళ్ళకూ వంటచెరకు కావాలి. తీరం వెంట సరుగుడు తోటలు వేశారు. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలవలో పడవల మీద మద్రాసు చేరేవి. తరవాతి కాలంలో ఆ దీవి మీద యూకలిప్టస్ తోటలు కూడా వేశారు.

రెండోది సర్కారు తుమ్మ. దాని శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా. సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. దీని రాకకు మన రాయలసీమతో సంబంధం ఉంది. 1877 ప్రాంతంలో జమైకా దీవి నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఎండు నేలల్లో వంటచెరకు కోసం చేసిన పని అది. ప్రభుత్వం నాటించిన చెట్టు గనుక జనం దానికి 'సర్కారు తుమ్మ' అని పేరు పెట్టారు. తరవాత సర్కారు అక్కరలేకుండానే అది ఊరూరా తిరిగింది!

ఎలా తిరిగింది? దాని కాయలు తియ్యగా ఉంటాయి. పశువులు, మేకలు ఇష్టంగా తింటాయి. గట్టి గింజలు అరగక పేడలో బయటపడతాయి. పేడే ఎరువు, కడుపులోని రసాలకు గింజ పైపెంకు మెత్తబడి ఉంటుంది. ఇక మొలవడానికి ఏం అడ్డం? శ్రీహరికోటలో ఈ పనికి ప్రత్యేకమయిన సహాయం దొరికింది. రాకెట్టు కేంద్రం కోసం జనాన్ని తరలించినప్పుడు కొన్ని పశువులు దీవిలోనే మిగిలిపోయాయి. కాపరి లేక వాటి సంతానం అడవి పశువులయిపోయింది. దీవిలో జీవజాతులను పరిశీలించిన బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు ఈ అడవి పశువులనూ అధ్యయనం చేశారు.

నీరు తరచు నిలిచే బురదలో సర్కారు తుమ్మ బతకలేదు. కాని గట్ల మీద, సరస్సు ఎండిన అంచుల మీద గుబురుగా లేస్తుంది. నరికితే మొదలు నుంచి పది కొమ్మలు వస్తాయి. దాని నీడలో, రాలిన ఆకుల కింద ఇతర మొక్కల గింజలు మొలవడం కష్టం. విశాలంగా ఉండవలసిన మైదానానికి ముళ్ళ గోడ కట్టినట్లవుతుంది.

సరుగుడు గింజ అంతగా పాకదు. దాని సంగతి వేరు. సముద్రం ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుంత తీసి గుడ్లు పెడతాయి. ఆంధ్ర తీరంలో శ్రీహరికోట ఒడ్డు కూడా వాటికి చోటు. తాబేలుకు చెట్లు లేని, వెచ్చటి, వదులు ఇసుక కావాలి. అలలు తగిలే గీత దాకా సరుగుడు నాటితే వేళ్ళు అడ్డం తగులుతాయి. నీడ వల్ల ఇసుక చల్లబడుతుంది. తాబేలు గుడ్డులోంచి మగది వస్తుందా ఆడది వస్తుందా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది సుమా! చల్లని ఇసుకలో మగ పిల్లలు ఎక్కువవుతాయి. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సరుగుడును తీసివేయడానికి ఇదీ ఒక కారణం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరవాత మన తూర్పు తీరంలో అనేక చోట్ల సరుగుడు వరసలు నాటారు. ఊళ్ళను కాపాడాలన్న కోరిక మంచిదే. కాని ఊరికి గోడగా ఎంత వెనక నాటాలి, తాబేలుకు ఎంత ముందు వదలాలి అన్నది ముందే ఆలోచించవలసిన సంగతి.

తుమ్మ చేసిన తప్పేమిటి?

ఇంతదాకా చదివి, 'పరాయి మొక్కలు చెడ్డవి, మన మొక్కలు మంచివి' అని మీరు అనుకొంటే నేను చెప్పడం సరిగా రాలేదన్నమాట. అందుకని మరొక కథ వినండి.

మన పొలం గట్ల మీద ఉండే నల్లతుమ్మ మీకు తెలుసు. నాగలికీ బండికీ కర్ర, మేకలకు కాయ, పళ్ళు తోముకోవడానికి పుల్ల ఇచ్చే చెట్టు. ఆ తుమ్మను 1890లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు తీసుకుపోయారు. గొర్రెలకూ పశువులకూ నీడా మేతా అవుతుందని ఆశ. పశువులు కాయలు తిని పేడలో గింజలు చల్లాయి. గడ్డి మైదానాలు ముళ్ళ అడవులయ్యాయి. అక్కడి రైతులకు అది ఇప్పుడు పెద్ద శత్రువు. చూశారా విచిత్రం! మనకు మిత్రుడయిన తుమ్మ వాళ్ళకు శత్రువు. వాళ్ళ ఒడ్డు చెట్టు సరుగుడు మన ఒడ్డున చిక్కు తెచ్చింది. సిసిలీలో ఒక మూలకు పరిమితమయి, అక్కడివాళ్ళు ముద్దుగా కాపాడుకోవలసిన మొక్కను ఆస్ట్రేలియావాళ్ళు పీకి పారేస్తున్నారు.

చెట్టు ఏమీ మారలేదు, చోటు మారిందంతే. సొంత ఊళ్ళో ఆ మొక్కను తినే పురుగు ఉంటుంది, దాని గింజను కొరికే పిట్ట ఉంటుంది, పోటీకి వచ్చే పక్క మొక్క ఉంటుంది. వేల ఏళ్ళుగా వాటి మధ్య ఒక ఒప్పందం కుదిరి ఉంటుంది. ఓడ ఎక్కేటప్పుడు మొక్క ఒక్కటే వస్తుంది, ఆ ఒప్పందం రాదు.

'మరి మిరపకాయ? వేరుశనగ? టమాటా? మీ ప్రయోగంలో బంగాళాదుంప? అవన్నీ అమెరికా ఖండాల నుంచే గదా వచ్చాయి!' అని మీలో తెలివయినవాళ్ళు అడుగుతారు. నిజమే. అవి లేని మన వంటిల్లును ఊహించలేం. కాని మిరప మొక్క గట్టు దాటి అడవిలోకి పోయి అడవిని మింగదు. రైతు నాటిన చోట ఉంటుంది, రైతు నీరు పోయకపోతే చస్తుంది. అందుచేత పరాయిదా, కాదా అన్న ఒక్క ప్రశ్నతో తీర్పు చెప్పకూడదు.

మరొక మాట కూడా ఒప్పుకోవాలి. సర్కారు తుమ్మ బొగ్గు కాల్చి బతికే బీద కుటుంబాలు ఉన్నాయి. దాని కట్టెతో అన్నం ఉడికే ఇళ్ళు ఉన్నాయి. సరుగుడు తోట వేసి అప్పు తీర్చుకొన్న రైతులు ఉన్నారు. ఆ చెట్లన్నీ రేపే నరికెయ్యమని నేను అనడం లేదు. పొలంలో సరుగుడు పొలంలో ఉండనివ్వండి. కాని ఏ చెట్టూ లేని చోట ఏదో ఒక చెట్టు నాటితే చాలు, పుణ్యం వస్తుంది అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. పచ్చదనం కొలవడానికి చెట్లు లెక్కపెడితే సరిపోదు. ఇలకూర చెట్టు కాదు, అయినా అది ఉన్న చోట ఒక సరస్సు బతుకుతోంది.

ముందే ఉన్న అడవి

శ్రీహరికోటకు సొంత అడవి ఉంది. ఏడాదిలో చాలా నెలలు వాన లేకపోయినా ఆకు రాల్చకుండా పచ్చగా ఉండే పొట్టి అడవి అది. నేరేడు, పాల, అల్లి, ముష్టి, బలుసు వంటివి దాంట్లో ఉంటాయి. యానాదులు తరతరాలుగా ఆ అడవిలో తేనె, పళ్ళు, దుంపలు, మందు వేళ్ళు సేకరించి బతికారు. ఏ వేరు ఏ నెలలో తవ్వాలో, ఏది తవ్వకూడదో వాళ్ళకు తెలుసు. ఇటువంటి అడవి ఒకప్పుడు కోరమాండల్ తీరమంతా ఉండేది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. మిగిలిన పెద్ద ముక్కల్లో శ్రీహరికోట ఒకటి. రాకెట్టు కేంద్రం కారణంగా అనుమతి లేనివాళ్ళు లోపలికి పోలేరు గనుక గొడ్డలి దెబ్బ తగ్గింది. కాని కాపలాదారుణ్ణి అనుమతి అడగకుండా పోయేది ఒకటుంది, అది గింజ. సర్కారు తుమ్మ గింజకు గేటు అడ్డం కాదు. అందుకే అక్కడ కంచె ఒక్కటి చాలదు, కన్ను కూడా కావాలి.

మూడు ప్రశ్నలు

మీ బడిలో ఈ ఏడూ వనమహోత్సవం జరుగుతుంది. మీ చేతికి ఒక మొక్క ఇస్తారు. గుంత తవ్వే ముందు మీ మాస్టారుగారిని మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: మాస్టారూ, ఈ మొక్క సొంత ఊరు ఏది?

రెండు: మనం తవ్వబోయే చోట ఇప్పుడు ఏం పెరుగుతోంది? దాన్ని తినేవాళ్ళు, దాని మీద బతికే జీవులు ఎవరు?

మూడు: ఈ మొక్క నాటిన చోటే ఉంటుందా, తనంతట తాను పాకుతుందా?

మాస్టారుగారికి జవాబు తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. ఊళ్ళో ముసలివాళ్ళను అడగండి. చదువు లేని అవ్వకు ఇలకూర తెలుసు, చదువుకొన్న మనకు తెలియలేదు. ఆ సంగతి మర్చిపోవద్దు.

మీది తీరప్రాంతమయితే నాటడానికి గంగరావి, పొన్న, కానుగ, నేరేడు, పాల ఉన్నాయి. ఇసుక తిన్నె నిలవడానికి బాలబంద తీగ, రావణుడి మీసాలు, మొగలి పొదలు ఉన్నాయి. ఇక ఉప్పు పేరిన బురద మైదానానికి ఏం నాటాలి? ఏమీ నాటకండి. ఉన్నదాన్ని తొక్కకుండా వదిలిపెట్టండి. వదిలిపెట్టడం కూడా ఒక్కోసారి మంచి సేద్యమే.

చివరిగా ఒక పని. మీ ఊరి సర్కారు తుమ్మ గుబురు కింద నాలుగు పుల్లలు గుచ్చి, దారంతో ఒక మీటరు చదరం కట్టండి. ముళ్ళున్నాయి, చెప్పులు వేసుకొని వెళ్ళండి. ఆ చదరంలో ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో లెక్కపెట్టండి. తరవాత, తుమ్మ లేని పక్క నేల మీద అలాంటి చదరమే కట్టి లెక్కపెట్టండి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, ఆకుల బొమ్మలు గీసుకోండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాయండి. వానల తరవాత ఒకసారి, ఎండాకాలం ఒకసారి చేయండి.

నేను చెప్పింది నమ్మాలా, వద్దా అన్నది ఆ లెక్కలు చూశాక మీరే తేల్చుకోండి. తప్పనిపిస్తే తప్పని చెప్పండి, నాకేమీ కోపం రాదు. రాకెట్టు కట్టినవాళ్ళు కూడా లెక్క చూసుకొన్నాకే నిప్పు పెట్టారు గదా! మొక్క నాటే మనమూ లెక్క చూసుకొనే గుంత తవ్వుదాం.